క్యూలో నిలబడ్డ కాపురాలు

పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే మన ఇళ్లల్లో వినబడే మాటల్లో ‘హెచ్-1బి’ అన్నది ఒకటైపోయి పాతికేళ్లు దాటింది. అబ్బాయి ఏం చేస్తున్నాడంటే “హెచ్-1బి మీద డాలస్‌లో ఉన్నాడండీ” అంటారు. అంతే, అమ్మాయి తరపువాళ్ల ముఖాలు విప్పారతాయి. గోత్రం అడుగుతారు, నక్షత్రం అడుగుతారు. జీతం డాలర్లలో విని, మనసులోనే రూపాయల్లోకి మార్చుకుంటారు. ఒక్కటి మాత్రం అడగరు, “నీ ప్రయారిటీ డేటు ఎప్పుడు బాబూ?” అని. అలాంటిదొకటి ఉంటుందనే చాలామందికి తెలీదు. ఆ పిల్ల ఉద్యోగం చేయగలదా లేదా, తల్లికి ఒంట్లో బాగోకపోతే ధైర్యంగా విమానం ఎక్కగలదా, పుట్టిన బిడ్డ పెద్దయ్యాక ఆ దేశంలోనే ఉండగలదా, ఇవన్నీ ఆ ఒక్క తేదీ చుట్టూనే తిరుగుతాయి.

2025 సెప్టెంబర్ 19న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలన్నప్పుడు ఎంత గగ్గోలు పుట్టిందో గుర్తుండే ఉంటుంది. అప్పటి మారకంలో సుమారు 88 లక్షల రూపాయలు! అది అమల్లోకొచ్చిన 21వ తేదీనే తెలంగాణలో ఎంగిలిపూల బతుకమ్మ. పండక్కని ఇంటికొచ్చినవాళ్లకి కంపెనీల నుంచి “వెంటనే తిరిగొచ్చేయండి” అని మెయిళ్లు. పెట్టెలు సర్దుకోవడానికి కూడా వ్యవధి లేదు. 20వ తేదీన వైట్‌హౌస్ వాళ్లు ఇది కొత్త దరఖాస్తులకే గానీ ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకి కాదని వివరించాక గానీ ఊపిరి పీల్చుకోలేదెవరూ. సెప్టెంబర్ 19నే 10 లక్షల డాలర్లు సమర్పించుకున్నవాళ్లకి శాశ్వత నివాసానికి దారి చూపే ‘గోల్డ్ కార్డు’ ఉత్తర్వు కూడా వచ్చింది. డబ్బున్నవాడికి రాజమార్గం ఎక్కడైనా ఉంటుంది లెండి.

అయితే ఈ గోలంతా వీసా గోల. గోల చేయకుండా, చప్పుడు లేకుండా లక్షల కాపురాల్ని నలిపేస్తున్నది మరొకటుంది. అది గ్రీన్ కార్డు క్యూ.

వీసా వేరు, గ్రీన్ కార్డు వేరు. హెచ్-1బి అంటే తాత్కాలికంగా పని చేసుకునేందుకిచ్చే అనుమతి. మూడేళ్లు, ఆపైన ఇంకో మూడేళ్లు, మొత్తం ఆరు. అద్దె ఇల్లులాంటిది. ఇంటివాడు ఖాళీ చేయమంటే, అంటే కంపెనీ ఉద్యోగంలోంచి తీసేస్తే, 2017లో వచ్చిన నిబంధన ప్రకారం గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఆలోగా ఇంకో ఉద్యోగమో, ఇంకో వీసానో చూసుకోవాలి, లేదా ఇంటిల్లిపాదీ సామాను సర్దుకోవాలి. గ్రీన్ కార్డు సొంతిల్లులాంటిది. అది వస్తే ఒకే కంపెనీని పట్టుకు వేలాడక్కర్లేదు, భార్య ఎవర్నీ అడక్కుండా ఉద్యోగం చేసుకోవచ్చు.

ఆ సొంతింటికి వెళ్లే దారి ఇలా ఉంటుంది. ముందుగా కంపెనీ అక్కడి కార్మిక శాఖ దగ్గర ‘పెర్మ్’ అనే ధ్రువీకరణ తీసుకోవాలి. 2005 నుంచి నడుస్తున్న పద్ధతి ఇది. ఈ ఉద్యోగానికి తగిన అమెరికన్ దొరకలేదని చూపించడానికి రెండు ఆదివారాలు పత్రికలో ప్రకటన వేయాలి. వంటమనిషి మన వంటింట్లో గరిటె తిప్పుతూ ఉండగానే వీధి అరుగు మీద “వంటమనిషి కావలెను” అని బోర్డు పెట్టినట్టుంటుంది వ్యవహారం. ఆ తర్వాత ఐ-140 అనే పిటిషను. అది ఆమోదం పొంది, మన వంతు వస్తే, ఐ-485 అనే చివరి దరఖాస్తు. పెర్మ్ కాగితం దాఖలు చేసిన రోజే ప్రయారిటీ డేటు. రిజిస్ట్రారాఫీసులో ఇచ్చే టోకెన్ నంబరనుకోండి.

మరి వంతు ఎప్పుడొస్తుంది? అసలు చిక్కంతా అక్కడే ఉంది.

1990లో చేసిన చట్టం ప్రకారం ఉద్యోగాల మీద ఏడాదికి 1,40,000 గ్రీన్ కార్డులు. ఈ మూల సంఖ్యని ఇన్నేళ్లలో పెంచలేదు. ఇందులోనే భార్యలూ, పిల్లలూ కూడా కలిసిపోతారు. అంటే నలుగురున్న కుటుంబం నాలుగు కార్డులు తినేస్తుంది. ఆపైన ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకీ 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న నియమం ఒకటి. లెక్క కడితే దేశానికి 9,800. వేరే దేశాలవాళ్లు వాడుకోగా మిగిలినవి కొన్నిసార్లు మనవాళ్లకి కలుస్తాయి గానీ, అది ఆకలిగొన్నవాడికి అటుకులు పెట్టినట్టే.

మన భాషలో చెప్పుకోవాలంటే, రేషన్ డీలరు వీధికి పది సంచుల బియ్యం చొప్పున ఇస్తానన్నాడనుకోండి. పది ఇళ్లున్న వీధికీ పదే, వెయ్యి ఇళ్లున్న వీధికీ పదే. వినడానికి సమన్యాయంలాగే ఉంటుంది. నాలుగు లక్షల జనాభా కూడా లేని ఐస్‌లాండ్‌కీ, నూట నలభై కోట్లు దాటిన మనకీ ఒకటే హద్దు. ఇంకోపక్క 2024 ఆర్థిక సంవత్సరంలో ఆమోదించిన హెచ్-1బిలలో 71 శాతం మనవాళ్లవే. లోపలికి రానిచ్చే తలుపు వెడల్పు, స్థిరపడనిచ్చే తలుపు ఇరుకు. మధ్య వరండాలో జనం పేరుకుపోకుండా ఏమవుతుంది?

ఇలా పేరుకుపోయినవాళ్లు ఎందరంటారా? వాషింగ్టన్‌లోని కేటో ఇన్‌స్టిట్యూట్ 2023లో వేసిన అంచనాలో ఉద్యోగ గ్రీన్ కార్డు కోసం వేచి ఉన్నవాళ్లు మొత్తం 18 లక్షలు. అందులో మనవాళ్లు సుమారు 11 లక్షలు. కొత్తగా ఈ వరుసలో చేరే భారతీయుడు 134 ఏళ్లు ఆగాల్సి వస్తుందని కూడా అదే లెక్క. నూట ముప్ఫై నాలుగేళ్లు! ఈ లెక్కన మన ముత్తాతలు నిలబడి ఉంటే ఇప్పుడు మన మునిమనవల వంతు వచ్చేది.

ఇందులో తమాషా ఏమిటంటే, లెక్కలోకి తీసుకునేది పౌరసత్వం కాదు, పుట్టిన దేశం. తండ్రి కువైట్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు అక్కడ పుట్టిన కడప పిల్ల సాధారణంగా కువైట్ కోటాలోకి వస్తుంది. ఆ పిల్లని చేసుకున్నవాడు ఆమె పుట్టిన దేశం వరుసలో నిలబడచ్చు. జాతకాల్లో పుట్టిన ఘడియ చూస్తాం గానీ, పుట్టిన ఊరికి ఇంత బలం ఉంటుందని ఏ పంతులుగారూ చెప్పలేదు కదా!

నెలనెలా అమెరికా విదేశాంగ శాఖ ‘వీసా బులెటిన్’ అని ఒకటి ప్రకటిస్తుంది. ఏ తేదీదాకా టోకెన్ ఉన్నవాళ్ల వంతు వచ్చిందో అందులో ఉంటుంది. మనవాళ్లు దాన్ని ఉగాది పంచాంగం కంటే శ్రద్ధగా చూస్తారు. 2025 అక్టోబర్ బులెటిన్‌లో మాస్టర్సు చదివినవాళ్లు ఎక్కువగా ఉండే ఇబి-2 విభాగంలో భారతీయుల తేదీ 2013 ఏప్రిల్ 1. అంటే పన్నెండేళ్ల క్రితం నిలబడ్డవాళ్లకి అప్పుడు పిలుపు. పోనీ, నెమ్మదిగానైనా ముందుకు నడుస్తుందా అంటే అదీ లేదు. కరోనా కాలంలో కుటుంబ కోటాలో మిగిలిన కార్డులు ఇటు కలిసినందువల్ల 2022 సెప్టెంబర్ నాటికి ఆ తేదీ 2014 డిసెంబర్ దాకా పరిగెత్తింది. మరుసటి నెలలోనే 2012 ఏప్రిల్‌కి జారింది. 2023లో 2011 జనవరికి పడిపోయింది. వైకుంఠపాళిలో పెద్దపాము నోట పడ్డట్టే.

ఇంతవరకూ చెప్పింది లెక్కల సంగతి. మనకి కావలసింది ఆ లెక్కల కింద ఉన్న ఆడవాళ్ల సంగతి.

హెచ్-1బి ఉన్నవాడి భార్యకిచ్చేది హెచ్-4. దీని మీద ఉద్యోగం చేయకూడదు. ఎంసీఏలూ, ఎంటెక్‌లూ చదివిన పిల్లలు అక్కడికి వెళ్లి వంట, వాక్యూమ్ క్లీనరు, సాయంత్రం ఆయన వచ్చేదాకా కిటికీ. ఇక్కడ మనం “మా అమ్మాయి అమెరికాలో ఉంది” అని చెప్పుకుంటూనే ఉంటాం. 2015 మే 26న ఒబామా ప్రభుత్వం ఒక వెసులుబాటు తెచ్చింది. భర్తకి ఐ-140 ఆమోదమైతే, లేదా ఆరేళ్లు దాటి వీసా పొడిగింపు దొరికితే, భార్య పని అనుమతి కార్డు తీసుకోవచ్చు. 2017 చివరికి ఈ కార్డు మొదటిసారి అందుకున్నవాళ్లు దాదాపు 91 వేలమంది. అందులో 93 శాతం ఆడవాళ్లు, 93 శాతం మన దేశంలో పుట్టినవాళ్లు. ఇంతకంటే మన సొంత విషయం ఇంకేముంటుంది చెప్పండి!

దాని మీద కూడా కోర్టులో దావా పడింది. పదేళ్లు సాగి, 2025 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికి నిరాకరించడంతో నిబంధన నిలబడింది. హమ్మయ్య అనుకునే లోపే ఇంకో దెబ్బ. కార్డు గడువు తీరేలోగా రెన్యువల్‌కి పెట్టుకుంటే కొత్తది వచ్చేదాకా 540 రోజులు పాతదే చెల్లుతుందన్న సౌకర్యాన్ని 2025 అక్టోబర్ 30 నుంచి పెట్టుకునే దరఖాస్తులకి తీసేశారు. గోరుచుట్టు మీద రోకటిపోటు.

మా మేనత్త కూతురొకావిడ ఉంది, నాకు వదిన. ఎంసీఏ చేసి గుంటూరులోనే ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెప్పేది. 2012లో మూడేళ్ల కూతుర్ని చంకనేసుకుని భర్తతో వెళ్లింది. అన్నయ్య పనిచేసే కంపెనీ అయిదేళ్లదాకా గ్రీన్ కార్డు కాగితం కదపనే లేదు. “ఇదిగో, అదిగో” అంటూ గడిపేసింది. ఎట్టకేలకు టోకెన్ తేదీ 2017. అప్పుడొచ్చిన పని కార్డుతో ఆవిడ ఒక ఆఫీసులో చేరింది. అంటే మంచి వయసులో ఆరేళ్లు వంటింట్లోనే కరిగిపోయాయి. 2025 చివర్లో కార్డు గడువు తీరిపోయింది, కొత్తది చేతికి రాలేదు. ఉద్యోగం ఆపుకుని ఇంట్లో కూర్చుంది. ఫోన్ చేస్తే అంది: “మన ఊళ్లో పెన్షన్ ముసలమ్మ పోస్టుమాన్ కోసం చూసినట్టు చూస్తున్నానే.”

అన్నయ్య కంపెనీ మారచ్చు కదా అని నేనూ అడిగాను. మారచ్చు. ఐ-140 ఒకసారి ఆమోదమయ్యాక పాత టోకెన్ తేదీ సాధారణంగా పోదు. కానీ కొత్త కంపెనీ మళ్లీ పెర్మ్ నుంచి మొదలెట్టాలి. దానికి వాళ్లొప్పుకోవాలి. అందుకే ఇష్టం లేని చోట, పై అధికారి మాటలు పడుతూ, జీతం పెంచమని గట్టిగా అడగలేక పనిచేసేవాళ్లు ఎంతోమంది. క్యూ ఎంత పొడుగైతే కంపెనీకి అంత అణిగిమణిగి ఉండే పనివాడు దొరుకుతాడు. ఈ మాట ఎవరూ పైకి చెప్పరు గానీ నేను చెబుతున్నాను. ఆఫీసులో దిగమింగిన కోపం ఇంటికొచ్చాక ఎవరి మీద పడుతుందో ఆడవాళ్లకి చెప్పక్కర్లేదు.

భర్త వీసా మీద భార్య బతుకు ఎంత సన్నటి దారంతో వేలాడుతుందో 2017లో దేశమంతా చూసింది. ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేథలో ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ని జాతి విద్వేషంతో కాల్చి చంపారు. ఆయన భార్య సునయన దుమాల అంత్యక్రియలకి హైదరాబాదు వచ్చారు. అప్పటికే భర్తతోపాటు ఆవిడ వీసా హోదా కూడా పోయింది. అక్కడి కాంగ్రెస్ సభ్యుడు కెవిన్ యోడర్ పూనుకుని తాత్కాలిక అనుమతి ఇప్పిస్తే గానీ తన ఇంటికి, తన ఉద్యోగానికి ఆవిడ తిరిగి వెళ్లలేకపోయారు. భర్త పోయిన దుఃఖంలో ఉన్న మనిషి ముందు “నీకు ఇక్కడ ఉండే హక్కు లేదు” అన్న కాగితం! కథలు రాసేదాన్ని గనక చెబుతున్నాను, నేను ఇలా రాస్తే మరీ అతిగా ఉందని ఎడిటరుగారు తిప్పి పంపేవారు.

విడాకులైనా అంతే. తీర్పు వచ్చిన రోజుతో హెచ్-4 హోదా ముగుస్తుంది, భర్త వరుసలో ఉన్న చోటూ పోతుంది. “వీసా పోతుంది జాగ్రత్త” అని బెదిరించి కాపురం చేయించుకునే మొగుళ్లున్నారంటే ఆశ్చర్యమేముంది? అయితే ఒక్క సంగతి మాత్రం ప్రతి తల్లీ తెలుసుకోవాలి. భర్త చేతిలో హింస అనుభవించిన హెచ్-4 భార్యలు అతనితో నిమిత్తం లేకుండా పని అనుమతి అడగడానికి చట్టంలో వీలుంది. ఐ-765వి అని 2017 నుంచి దానికో ప్రత్యేక ఫారం ఉంది. భర్త సంతకం అక్కర్లేదు. షరతులు లేకపోలేదు గనక మంచి లాయరుని కలుసుకోవాలి. అదీ విడాకుల కాగితం మీద సంతకం పెట్టకముందే.

ఇక పిల్లలు. మా వదిన కూతురు గుంటూరులో పుట్టింది, కొడుకు అక్కడ పుట్టాడు. వాడు అమెరికా పౌరుడు, అక్క కాదు. ఒకే కంచంలో తిన్న పిల్లలు, పాస్‌పోర్టులు వేరు. తండ్రికి కార్డు రాకుండానే ఆ పిల్లకి 21 ఏళ్లు నిండితే హెచ్-4 నుంచి బయటికి పోవాలి. అంటే పరాయి దేశం నుంచి వచ్చినదానిలా స్టూడెంట్ వీసా తీసుకోవాలి, లేదా మూడేళ్ల వయసులో వదిలేసిన, భాష కూడా సరిగ్గా రాని దేశానికి తిరిగి రావాలి. పిల్లల వయసు లెక్కించడంలో కొంత రక్షణ కల్పించే చట్టం 2002లో వచ్చింది. ఏ తేదీని లెక్కలోకి తీసుకోవాలన్నది 2023లో కాస్త ఉదారంగా మార్చారు. 2025 ఆగస్టు 15 నుంచి మళ్లీ బిగించారు.

ఇంకో విచిత్రం వినండి. అక్కడ పుట్టిన పిల్లాడు 21 ఏళ్లకి తల్లిదండ్రులకి గ్రీన్ కార్డు అడగచ్చు. దానికి సంఖ్యా పరిమితి లేదు. ఇవాళ వరుసలో చేరిన తండ్రికి సొంత ఉద్యోగం కంటే ఉయ్యాల్లో ఉన్న కొడుకే ముందు కార్డు తెచ్చిపెట్టేలా ఉన్నాడు! ఆ జన్మహక్కు పౌరసత్వాన్ని కూడా కత్తిరించాలని 2025 జనవరిలో ఉత్తర్వు ఇచ్చారు గానీ ఆ ఏడు కోర్టులు దాన్ని అమలు కానివ్వలేదు.

ఇటు మన వైపు వాకిట్లో కూర్చుని ఎదురుచూసే అమ్మానాన్నలు. నాన్నకి బైపాస్ అయినా, అమ్మ జారిపడినా, రావాలంటే భయం. వీసా స్టాంపింగు కోసం కాన్సులేటుకి వెళ్లాలి. 2008లో హైదరాబాదులో కాన్సులేటు పెట్టాక మద్రాసు ప్రయాణం తప్పిందని సంతోషించాం. 2025 డిసెంబర్ 15 నుంచి హెచ్-1బి, హెచ్-4 వాళ్ల ఫేస్‌బుక్కూ, ఇన్‌స్టాగ్రామూ కూడా తనిఖీ చేస్తామంటూ అప్పటికే ఇచ్చిన ఇంటర్వ్యూల్ని నెలల తరబడి వెనక్కి నెట్టారు. పది రోజులకని వచ్చి ఇక్కడే చిక్కుకుపోయినవాళ్లు ఎందరో. మొగుడు ఇక్కడ, పెళ్లాం అక్కడ, పిల్లల బళ్లు అక్కడ. చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేసి, వీసా వచ్చాక నూటెనిమిది చేసినవాళ్లకి మళ్లీ పదకొండు నుంచి మొదలు.

మరి చట్టం మార్చరా అంటే, ప్రయత్నాలు జరగకపోలేదు. దేశాలవారీ హద్దు తీసేసే బిల్లు 2019 జులైలో ప్రతినిధుల సభలో 365-65 ఓట్లతో నెగ్గింది. 2020 డిసెంబర్‌లో సెనేటూ తనదైన మార్పులతో ఒప్పుకుంది. రెండు సభల పాఠాలూ కలవకుండానే ఆ సభ గడువు తీరిపోయింది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టయింది.

ఎదుటివాళ్ల వాదన కూడా వినాలి. హద్దు తీసేస్తే కొన్నేళ్లపాటు కార్డుల్లో అధిక భాగం మనకే వస్తాయి, అప్పుడు ఫిలిప్పీన్స్ నర్సూ, బ్రెజిల్ ఇంజనీరూ మన వెనక నిలబడాలి. అదీ నిజమే. పైగా ఈ హద్దు పుట్టింది మనల్ని తొక్కడానికి కాదు. ఆసియా వాళ్లని దాదాపు గుమ్మంలోకే రానివ్వని 1924 నాటి కోటాల్ని రద్దు చేసిన 1965 చట్టంలోనే అన్ని దేశాలూ సమానమన్న భావన ఉంది. అందుకే వీధుల మధ్య బియ్యం పంచే తీరు మార్చినంత మాత్రాన తెగే సమస్య కాదిది. బియ్యమే చాలడంలేదు. 1,40,000 అన్న అంకె పెరగాలి. కనీసం పెళ్లాన్నీ పిల్లల్నీ ఆ లెక్కలోంచి తీసేయాలి. నాకైతే రెండోది మరీ న్యాయంగా కనబడుతుంది. ఉద్యోగం చేసేది ఒకడైతే పాలు తాగే బిడ్డని కూడా ఉద్యోగుల కోటాలో లెక్కేయడం ఏ ధర్మం?

మనవాళ్లు నోరెత్తితే ఏమవుతుందో కూడా ఒకసారి చూశాం. 2007 జులైలో అందరూ ఆఖరి దరఖాస్తు పెట్టుకోవచ్చని ప్రకటించి, తీరా జనం వేలకు వేలు ఖర్చు పెట్టుకుని కాగితాలు సిద్ధం చేసుకున్నాక జులై 2న కాదు పొమ్మన్నారు. మనవాళ్లు తిట్లకి దిగలేదు. ‘లగే రహో మున్నాభాయ్’ సినిమా చూసిన కొత్తలు కదా, ఇమిగ్రేషన్ అధిపతి కార్యాలయానికి వందల కొద్దీ పూలగుచ్ఛాలు పంపారు. ఆ పూలని గాయపడ్డ సైనికులున్న ఆసుపత్రికి పంపించేశారు. జులై 17న నిర్ణయం వెనక్కి తీసుకుని ఆగస్టు 17దాకా దరఖాస్తులు తీసుకున్నారు. ఐ-485 పడితే భార్యకీ పని అనుమతి దొరుకుతుంది గనక, ఆ నెలలో ఎన్ని ఇళ్లల్లో ఆడవాళ్లు మళ్లీ ఉద్యోగాలకి బయల్దేరి ఉంటారో!

అమెరికా సంబంధం చూసేవాళ్లు, ఇప్పటికే పిల్లని పంపినవాళ్లు కొన్ని సంగతులు మొహమాటం లేకుండా అడిగి తెలుసుకోవాలి. పెర్మ్ వేశారా, ఐ-140 ఆమోదమైందా, ఆరేళ్లలో ఎన్నేళ్లు అయిపోయాయి? “ఇంకా వేయలేదండీ, వేస్తారు” అంటే అమ్మాయి కొన్నేళ్లు ఇంట్లో కూర్చోవడానికి సిద్ధంగా ఉందో లేదో ముందే మాట్లాడుకోవాలి. పెర్మ్ ఖర్చు కంపెనీయే పెట్టుకోవాలి, ఉద్యోగి దగ్గర వసూలు చేయకూడదని 2007 నుంచి నిబంధన ఉంది. అబ్బాయి జీతంలోంచి దానికి కోత పెడుతున్నారంటే ఆ కంపెనీ ఎలాంటిదో కాస్త ఆరా తీయడం మంచిది. ఇంకా చదువుకుంటున్న ఆడపిల్లలకి నేను చెప్పేదొకటే. వీలైతే మీ సొంత హెచ్-1బి, మీ పేరున మీ సొంత ఐ-140 ఉండేలా చూసుకోండి. భార్యాభర్తలిద్దరూ వేరువేరు వరుసల్లో నిలబడితే ఎవరి వంతు ముందొస్తే వాళ్లతోపాటు రెండోవాళ్లూ లోపలికి వెళ్లచ్చు.

ఐ-140 ఆమోదం కాగితం, పాత హెచ్-4 నోటీసులు, పెళ్లి సర్టిఫికెట్టు, పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు, వీటన్నిటి జిరాక్సు కాపీ ఒక సెట్టు భార్య దగ్గర విడిగా ఉండాలి. ఆయన ఆఫీసు మెయిల్లో ఉన్నాయిలే అనుకుంటే కుదరదు. ఉద్యోగం పోయిన రోజు సాయంత్రానికల్లా ఆ మెయిలు తెరుచుకోదు.